కుండీ అడుగున

దొమ్మసంద్ర దాటాక ఎడమచేతి పక్క
పచ్చ షేడ్‌నెట్ కింద నా నర్సరీ.
కడియం లారీ వచ్చిన రాత్రల్లా
టార్చిలైటు వేసుకుని లెక్క రాసుకుంటాను:
అరెకా పామ్ రెండు వందలు,
మందారం నూటపది,
దారిలో విరిగినవి పదిహేడు.
చీమల్ని ఎవరు లెక్క రాస్తారు?

మొదట చూసింది చౌడమ్మే.
"అక్కా, వీటికి పిచ్చి పట్టినట్టుంది" అంది.
పసుపు ఒళ్లు, దారప్పోగుల్లాంటి కాళ్లు,
కాలిన పెనం మీద నీటిచుక్కల్లా
అటూ ఇటూ, ఇటూ అటూ.
కుట్టవు.
అదొక్కటి చూసి మంచివనుకున్నాం.

గేటు దగ్గర గింజలు మోసే చీమల పుట్ట ఉండేది.
గడ్డిగింజల పొట్టు తెచ్చి
గుమ్మం చుట్టూ ముగ్గులా పోసుకునేవి.
మామిడి మీద ఆకులు కుట్టే ఎర్రచీమలు.
అంటు కొమ్మ కోయడానికి ఎక్కిన ప్రతిసారీ
చౌడమ్మ మెడ మీద వాటి సంతకం.
తిట్టేది, నాకు రాని కన్నడమంతా వాటి మీదే.
ఇప్పుడు తిట్టడానికి చెట్టు మీద ఎవరూ లేరు.

ఎప్పుడు పోయాయో చెప్పలేను.
మేం యుద్ధం చూసినవాళ్లం కాదు.
ఒకనాడు ఆకుల గూడు ఎండి
తెరిచిన లెక్కపుస్తకం మీద పొట్లంలా రాలింది.
విప్పితే లోపల పసుపు కాళ్లు.

తర్వాత మందారాలకి పిండినల్లి పట్టింది.
పాడిగొడ్లని కాసుకున్నట్టు
ఈ చీమలే వాటిని కాసుకున్నాయి,
తీపి పిండుకున్నాయి.
ఆకులకి పొయ్యి వెనక గోడలా మసి.
మందు కొట్టాం.
పిండినల్లి చచ్చిందో లేదో గాని
సాలీళ్లు చచ్చాయి.
ట్యూబులైటు కింది ముసలి బల్లి
తెల్లబడ్డ కళ్లతో గోడ తడుముకుంటూ రెండు రోజులు తిరిగింది.
మూడోరోజు నేను చూడలేదు.

గోడ అవతల ఖాళీ సైటు నిండా తుమ్మి ఉండేది.
ఈ ఏడు వాన బాగానే పడింది,
తుమ్మి లేవలేదు.
పూజకి పూలు కోసుకొస్తానని వెళ్లిన చౌడమ్మ
ఖాళీ కవరు మడతపెట్టుకుంటూ వచ్చింది.
గింజలు మోసేవి లేకపోతే
మొలక ఎక్కడికి నడుస్తుంది?

ఈ మాట నాది కాదు, నిరుపమది.
చీమల మీద చదువుతోందట.
చిన్న మూతల్లో చక్కెరనీళ్లు, చేపముక్కలు పెట్టి
ఎండలో గొంతుక్కూచుని లెక్కపెట్టింది.
ఒక్కో గూట్లో రాణులు బోలెడు,
పక్క గూడు పరాయిది కాదు,
పొలిమేర తగువు లేదు, అందుకే గెలుస్తాయి అంది.
"ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలుసా ఆంటీ?"
కుండీల వైపు చూడకుండా
"ఇక్కడివేనేమోనమ్మా" అన్నాను.

ఆ ప్రశ్న నన్నూ అడుగుతారు,
ఆటోలో, కరెంటాఫీసులో.
నేనూ ఆ లారీలోనే వచ్చాను,
డ్రైవరు పక్కన, ఒళ్లో గులాబీ అంట్లతో.
అయినా నా కథ చీమ మీద రుద్దను.
చీమ వలస రాలేదు.
కడియం మట్టిలోనో, పొల్లాచ్చి కొబ్బరిపొట్టులోనో,
దాన్ని మేమే తెచ్చాం,
కుండీకింతని కిరాయి కట్టి మరీ.

ఇవాళ ఎవరో పద్నాలుగో అంతస్తు బాల్కనీకి
పది అరెకాలు అడిగారు.
బిల్లు రాశాను. టెంపో ఎక్కించాం.
ఎందుకో ఆఖరి కుండీని బోర్లించి తట్టాను.
వేళ్ల చిక్కులో తెల్లటి పిల్లలు,
వాటిని నోట కరుచుకుని
దిక్కుకొకటిగా పరుగు.
ఆయన ఫోన్లో ఉన్నాడు. చూడలేదు.
చౌడమ్మ నన్నే చూస్తోంది.
"దించెయ్" అన్నాను.

పదీ దించాం. డబ్బు తిరిగిచ్చాను.
కానీ నిన్నటివి, మొన్నటివి, పోయిన వేసవివి?
పుస్తకంలో చిరునామాలన్నీ ఉన్నాయి,
నా గుండ్రటి చేతిరాతలో,
హరలూరు, కసవనహళ్లి, బెళ్లందూరు.
కళ్లజోడు పెట్టుకుని మొదటి నంబరు నొక్కాను.
స్విచ్చాఫ్.