పదకొండో మంగళవారం

రాయగడలో వంతెన పని మొదలై పదమూడు నెలలు.
కూడలి సగం రేకుల వెనక, సగం దుమ్ము వెనక.
కిళ్ళీకొట్టు పైన అద్దెగదిలో
నా లాప్‌టాప్ మీద అదే కూడలి,
దుమ్ము లేకుండా.

లెక్క మాత్రం దొంగలెక్క కాదు.
మూడు రోజులు గొడుగు కింద కూర్చుని
నాలుగు నిలువుగీతలు, ఒక అడ్డగీత,
నాలుగు నిలువుగీతలు, ఒక అడ్డగీత:
పార్వతీపురం వైపు నుంచి ఆటోలు,
ఎర్రనీళ్ళు కార్చుకుంటూ ఖనిజం లారీలు,
గుణుపురం బస్సు, కప్పు మీద రెండు మేకలతో సహా.
మేకలకి గడి లేదు. "ఇతరములు"లో వేశాను.

మోడల్లో బండి తెర ఎడమ అంచున పుట్టి
కుడి అంచున మాయమవుతుంది.
ఆరువందల మీటర్ల జన్మ.
హారన్ ఉండదు. తెలుగు తిట్టు, ఒడియా తిట్టు,
రెండూ కలిపి వండిన ఈ ఊరి తిట్టు, ఏదీ ఉండదు.
మొదటి పావుగంట లెక్కలోకి రాదు,
ఖాళీ రోడ్డు నిండేదాకా ఆగాలి.
మా నాన్న చెప్పే రాయగడ ఆ పావుగంటే కావచ్చు.

ఒకే మంగళవారాన్ని
పది విత్తనాలతో పదిసార్లు మొలిపించాను.
విత్తనమంటే ఒక అంకె, అంతే.
అంకె మారితే ఎవరు ముందొస్తారో మారుతుంది.
మూడో మంగళవారం అంబులెన్సు ఇరుక్కుంది.
ఏడోదానిలో ఒక్క బండీ ఆగలేదు, నాకే నమ్మబుద్ధి కాలేదు.
ఎడమ వరస మూసి, లారీల్ని తెల్లారి అయిదులోపు పంపేస్తే
బారు నాలుగువందల మీటర్ల నుంచి నూట డెబ్భైకి దిగింది.

ఒక్క గడి దగ్గర చెయ్యి ఆగింది:
ఎన్ని సెకన్ల సందు దొరికితే మనిషి రోడ్డు దాటాలి?
పుస్తకంలో నాలుగున్నర.
కిందికి దిగి చూశాను.
నెత్తిన అడ్డాకుల మోపుతో ఒకామె
నాలుగున్నరని వదిలేసింది, ఆరుని వదిలేసింది,
పదకొండునీ వదిలేసింది.
అప్పుడు హోంగార్డు బెవర తవుడు
ఎర్రగుడ్డ కట్టిన వెదురుకర్ర అడ్డం పెట్టాడు.
లారీ బుస్సుమంది.
ఆమె దాటింది, ఎటూ చూడకుండా.

ఎప్పుడు ఆపాలో ఎలా తెలుస్తుందని అడిగాను.
"మెడ సూత్తాను బాబూ.
మోత మోసినోల మెడ కాసింత పక్కకి వాల్తాది."

గదికొచ్చి నాలుగున్నర తీసేసి పద్నాలుగు కొట్టాను.
"అసాధారణ విలువ" అని ఎర్రగీత వచ్చింది.
ఉంచేశాను.
బారు మళ్ళీ రెండువందల నలభైకి పెరిగింది.
అదే భువనేశ్వర్‌కి పంపాను.

ఇవాళ పదకొండోది, విత్తనం లేని మంగళవారం.
కొత్త దీపాలు వెలిగాయి.
లారీలు నిజంగానే అయిదుకి ముందే వెళ్ళిపోయాయట.
నడిచేవాళ్ళకి పచ్చదీపం ఇరవై రెండు సెకన్లు.
తవుడు కర్రని రేకులకి ఆనించి బీడీ ముట్టించాడు.

మోపుతో ఆమె వచ్చింది.
దీపం పచ్చగానే ఉంది.
ఆమె చూపు మాత్రం తవుడి మీద.
పదిహేను. పన్నెండు. తొమ్మిది.
బీడీ పారేసి ఆయన
ఉత్తచెయ్యి ఎత్తాడు.