మొవ్వు

కాజీపేట రైల్వే క్వార్టర్ ముందర
విసనకర్ర ఆకుల పామ్ మొక్క.
"మంచు పడ్డా బతుకుతది" అన్నడు నర్సరీ ఆయన.
పుష్యమాసం చలిని నిజంగనే ఓర్చింది.
ముసురుకు ఓడింది.

యూరియా వేసిన. నీళ్లు పోసిన.
పసుపెక్కిన కొద్దీ ఇంకిన్ని పోసిన.

మడికొండ నుంచి బుచ్చిలింగం గౌడు వచ్చిండు,
తాటిచెట్టు మీదికెల్లి పడ్డ కాలు ఈడ్చుకుంట.
ఆకుల దిక్కు చూడనే లేదు.
నడిమి మొవ్వును రెండు వేళ్లతో పట్టి గుంజిండు:
వెన్నలకెల్లి వెంట్రుక లెక్క వచ్చింది.
మొదలు తను వాసన చూసి
నా ముక్కు కాడ పెట్టిండు.
పులిసిన గంజి.

"దూప కాదు బిడ్డా, ముంచినవ్."

గీత కత్తితోని కుళ్లు గీకిండు
తెల్లటి కండ తేలేదాక.
మైలుతుత్తం, సున్నం కలిపి
నీలం నీళ్లు దాని గొంతుల పోసిండు.
పాత కుండ బోర్లించి
"వాన సోకనియ్యకు" అన్నడు.

బతుకుతదా అంటే
"మోకు లేకుండ అందిన చెట్టు
నాకిదే మొదటిది" అన్నడు.
పైసలు ముట్టలే. చాయ తాగిండు,
గోడ పట్టుకొని లేచిండు.

నలభై రోజులాయె.
పొద్దున్నే కుండ లేపి చూస్త:
నీలం మరక, అంతే.
నిన్న మాత్రం గోరంత పచ్చ.
ఆకో, నాచో.
ఫోన్ చెయ్యలే.
మెల్లగ మూసిన.