కాసేపు కూర్చుందాం

కొరల్యోవ్‌లో మార్చి. కిటికీ అంచున మంచు
పగలు సగం కరిగి, రాత్రికి మళ్ళీ బిగుసుకుంది.
కంట్రోలు హాల్లో ముప్పై ఒక్కమందిమి.
నా తెరమీద నాలుగు అంకెలు:
ఎత్తు, వేగం, ట్యాంకులో మిగిలిన ఇంధనం,
లోపలి వేడి. పదకొండు డిగ్రీలు.
మనుషులు ఖాళీచేసిన ఇల్లు అలాగే చల్లబడుతుంది.

ఆఖరి జట్టు దిగొచ్చి ఐదు నెలలు.
వస్తూ వస్తూ ఒక మైకు ఆపడం మరిచారు.
మరిచారో, కావాలనే వదిలారో, ఎవరూ అడగలేదు.
రాత్రి డ్యూటీల్లో అది పెట్టుకుని వింటుండేవాణ్ణి:
ఫ్యాను. దాని వెనక ఇంకో ఫ్యాను.
ఎండలోంచి నీడలోకి జారేటప్పుడు
రేకు ముడుచుకుని టక్కుమంటుంది,
ముసలివాళ్ళు లేస్తుంటే మోకాళ్ళు పలికినట్టు.

అగ్నియా ఫెదోతొవ్నా మా షిఫ్టుకి పెద్ద.
ఇరవై ఆరేళ్ళ కిందట, అది ఇంకా నేలమీద
షెడ్డులో చక్రాల బల్లమీద పడుకున్నప్పుడు
దాని కడుపులోకి దూరి తీగలు అతికింది.
"నూట పద్నాలుగో కట్ట నాది," అంటుంది,
పిల్లాడి పుట్టుమచ్చ చెప్పినట్టు.
తర్వాత ఎన్ని రాలేదని! బూజు.
గోడలో వెంట్రుకంత చీలిక,
గాలి చెప్పకుండా పోయేది.
ఒకసారి పొగ. ఒకసారి పది గంటల చీకటి.
ఒక్కో రోగానికీ ఒక్కో మాసిక.
ఇప్పుడు అసలు గుడ్డ ఏదో ఆమెకే తెలియాలి.

విడదీసి మ్యూజియంలో పెట్టొచ్చుగా, అని ఒక పెద్దమనిషి ఉత్తరం.
ఇంకా పైకి నెట్టి వదిలేద్దాం, అని మా కుర్రాడు రోస్తిస్లావ్.
దింపుడు కళ్ళం ఆశ.
తలా ఒకసారి దాని చెవిలో పేరుపెట్టి పిలిచారు.
అగ్నియా పెన్సిలు బల్లమీద పెట్టింది:
"వదిలేస్తే అదే పడుతుంది, ఎవరి కప్పుమీదో.
పడటం వేరు, దింపటం వేరు.
ఎత్తుకున్న చేతులే దింపాలి."

ఎక్కడ?
భూగోళాన్ని తిప్పి తిప్పి చూస్తే
ఏ గడపకీ దగ్గర కాని నీళ్ళు ఒకచోట ఉన్నాయి.
ఆ దాపుల్లో పపీతే నుంచి వెళ్ళిన ట్యూనా పడవ,
కెప్టెన్ తెహెయురా. హెచ్చరిక అందింది,
పక్కకు జరుగుతున్నాడు. జరుగుతూనే రేడియోలో సణుగుడు:
"మీ ఇనుము ఎప్పుడు పడుతుందయ్యా?
నా ఐసు కరిగిపోతోంది. చేపకు తెలుసా మీ టైము?"
మూడు భాషలు దాటి ఆ మాట కాగితమై వచ్చింది.
అగ్నియా చదివి, ఆ రాత్రికి మొదటిసారి నవ్వి,
లెక్క మళ్ళీ మొదట్నుంచీ చేయించింది.
ఒక పడవ. పదకొండుమంది. ఐసు.

మొదటి మంట. గంటన్నరకి రెండోది.
మూడోదానికి ముందు ఇంకా ఇరవై నిమిషాలు.
ఇక్కడ ఒక ఆచారం: దూరం వెళ్ళేముందు
పెట్టెలు సర్దేశాక, ఇంటిల్లిపాదీ
ఒక్క నిమిషం మాటల్లేకుండా కూర్చుంటారు.
మేమా, సాయంత్రం నుంచీ కూర్చునే ఉన్నాం.
అందుకని అగ్నియా లేచింది. ఒక్కొక్కరుగా అందరం లేచాం,
కుర్చీలు కిర్రుమన్నాయి, ఎవరి టీగ్లాసో దొర్లింది.
"ఇప్పుడు," అంది, "కాసేపు కూర్చుందాం."
కూర్చున్నాం.
స్పీకర్లో ఫ్యాను. దాని వెనక ఇంకో ఫ్యాను.

తర్వాత ఆమే కమాండు పంపింది.
మాకు తెల్లవారుతోంది,
పడవకు ముందురోజు పొద్దు గూకుతోంది.
ఎత్తు తగ్గింది, నింపాదిగా, తర్వాత గబగబా.
వేడి పన్నెండు, పదమూడు, పద్దెనిమిది:
ఐదు నెలలకి ఇల్లు వెచ్చబడింది.
ఫ్యాను తిరుగుతుండగానే చప్పుడు తెగిపోయింది.

మధ్యాహ్నానికి ఇంకో కాగితం, తెహెయురా దగ్గర్నుంచి.
దీపాలు పెట్టుకున్న పడవలు వరసగా వెళ్ళినట్టు వెళ్ళిందట,
పన్నెండో పదమూడో, కుర్రాళ్ళకి లెక్క కుదరలేదట.
చాలాసేపటికి ఉరుము.
చివర్న: "గాలాలు వేసుకోవచ్చా?"

"వేసుకోమను," అంది అగ్నియా,
కోటు రెండో చెయ్యి దొరక్క తడుముకుంటూ.

నేను ఇంటికెళ్ళి ఫ్యాను వేసుకుని పడుకున్నాను.
మార్చిలో. బయట మంచు పడుతోంది.