చదవడానికి మాత్రమే

చీమకుర్తిలో దుమ్ము
ఫ్యాను రెక్కల మీద కూడా కాపురం పెడుతుంది.
ఆ బరువుకే కాటా గదిలో కంప్యూటర్ చచ్చిందని
టిప్పర్ మాలకొండయ్య గోనెసంచిలో తెచ్చి
నా బల్ల మీద పడుకోబెట్టాడు.
"ఏడు వారాల ట్రిప్పులున్నయమ్మే ఇందులో.
లెక్క లేకపోతే డబ్బు లేదన్నాడు సూపర్‌వైజరు.
లేకపోతేనే మేలన్నట్టు అన్నాడు."

డిస్కు ఊడదీసి చెవి దగ్గర పెట్టుకున్నాను.
టిక్కు. టిక్కు.
దగ్గు ఆపుకుంటున్న మనిషిలా కాసేపు ఆగి
మళ్ళీ టిక్కు.

గాయం మీద రాయకూడదు.
చదవడానికి మాత్రమే తెరవాలి,
పరాయివాళ్ళ పద్దు పుస్తకం చూసినట్టు
చేతులు వెనక్కి కట్టుకుని.

నల్ల తెర, తెల్ల అక్షరాలు. మౌస్‌కి ఇక్కడ పనిలేదు.
ఒక్క అక్షరం అటుదిటైతే
ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కు మీద కూర్చుంటుంది.
అందుకే ఎంటర్ నొక్కే ముందు
ఆ వరసని వేలు పెట్టి, పైకే, రెండుసార్లు చదువుతాను.
మాలకొండయ్య మంత్రమనుకున్నాడు.
వెళ్ళి చెప్పులు గుమ్మం బయట విడిచొచ్చాడు.

నకలు తీయడం చిక్కుజుట్టు దువ్వడం లాంటిదే.
తేలిగ్గా వచ్చేది ముందు రానివ్వాలి,
ముడి తగిలిన చోట పంతానికి పోకుండా దాటెయ్యాలి,
తర్వాత కొసల నుంచి వెనక్కి రావాలి.
పదకొండుకి కరెంటు పోయింది. ఇన్వర్టర్ కుయ్యిమంది.
కర్నూలు రోడ్డు మీద లారీ పోయినప్పుడల్లా బల్ల వణుకుతుంటే
డిస్కు కింద నా చున్నీ మడిచి పెట్టాను.
చదవలేని చోట్లన్నీ తెర మీద చుక్కలు చుక్కలు,
మా ఊరి నల్లరాయిలో మెరుపుల్లాగే.
రాయికైతే అవే ధర.

తెల్లారగట్ల నకలు చేతికొచ్చింది,
నలభై నాలుగు కిలోబైట్లు తక్కువగా.
ఏది ఎక్కడుందో చెప్పే మొదటి పేజీ మాత్రం లేదు.
కంగారు లేదు. దీన్ని కట్టినవాడెవడో
మా అవ్వలాంటివాడు.
కొంత కందిపప్పు డబ్బాలో, కొంత చింతపండు కుండలో,
కొంత దిండు గలీబులో ఆమె డబ్బు దాచినట్టు
ఆ పేజీనే పది చోట్ల దాచాడు.
ముప్పై రెండు వేల ఏడు వందల అరవై ఎనిమిదో గడి.
తలుపు కొట్టాను. తీసింది.

ఇక ప్రశ్నలు.
ఈ ముక్క ఎవరిదీ కాదు, సరిచేయనా?
ఈ లెక్క కుదరలేదు, సరిచేయనా?
అన్నిటికీ ఒకేసారి అవుననే మీట ఒకటుంది.
నేనది వాడను.
పదేళ్ళు వాడాను, ఇంట్లో.

దొరికినవన్నీ ఒక చోట పోస్తే రెండు వందల పన్నెండు.
ఒక్కదానికీ పేరు లేదు,
ఆసుపత్రి వరండాలో మంచాల్లా ఉత్త అంకెలు.
ఒకటి తెరిస్తే ఎవరో సగంలో ఆపేసిన సెలవు చీటీ.
ఒకటి నవ్వుతున్న పిల్ల ఫొటో,
గడ్డం కింద నుంచి అంతా బూడిదరంగు.
నూట తొంభయ్యోది తెరిచేసరికి
ఏపీ ఇరవై ఏడుతో మొదలయ్యే బండి నంబర్లు,
టన్నులు, తేదీలు, బారులు తీరి.

అతని బండివి ఇద్దరం వేరువేరుగా లెక్కపెట్టాం.
అరవై ఒకటి.
"అరవై మూడమ్మే," అన్నాడు.
కాసేపాగి, "రెండే గదా, నువ్వే కొట్టెయ్యరాదా?"

చేతులు మీటల మీదే ఉన్నాయి.
అర నిమిషం పని.
తీసేశాను.
"రాయను. ఆ రెండూ నేను రాస్తే
ఈ అరవై ఒకటీ కూడా నేను రాసినవే అయిపోతాయి."

కోపమొచ్చిందనుకున్నాను.
మాట్లాడకుండా లేచి, చెప్పులేసుకుని, టిప్పర్ ఎక్కాడు.
డ్రైవర్ అద్దం పైన తడిమి తడిమి
రెండు గులాబి చీటీలతో దిగాడు.
కంప్యూటర్ పోయిన సాయంత్రం
కాటా సుబ్బరత్నమ్మ పెన్నుతో రాసిచ్చినవి,
కంప్యూటర్లో లేనివి చెల్లవన్నారని
దోపి మర్చిపోయినవి.
చెమటకి సిరా కొంచెం పాకింది.

చదవొచ్చు.