ముందే తవ్విన జాగ

ఈది బజార్ల పొద్దుగాల నాలుగున్నరకు
నల్లా నీళ్లు ఇడిచేది నేనే.
ఇప్పుడు కీ తిప్పుడు పిలగాడు తిప్పుతడు,
ఎన్ని చుట్లో నేను చెప్త.
ముప్పై ఒక్కేండ్లు. ఏ గల్లీ కింద ఏ పైపున్నదో
కాయితం మీద లేకున్నా నా కాళ్లకు ఎరుకే.

ఒక్కటి చెప్త వినుర్రి:
తవ్వని నేలను తవ్వుడు అలకటి పని.
మట్టి పొరలు పొరలుగ లేస్తది.
ఒకపారి తవ్వి పూడ్సినకాడ తవ్వాల్నంటేనే బుగులు.
రాయి, కంకర, పాత సిమెంటు, ఎవని కేబులో,
అన్నీ ఒకదాన్నొకటి కరుసుకొని ఉంటయి.
ఏది పైపో ఏది రాయో
పార తగిలినంకనే తెలుస్తది.
తెలిసేటాళ్లకు నీళ్లు మొకం మీద.

నా కడుపు గూడ అసోంటి గల్లీయే.

మొదటిసారి నన్నెవ్వరు అడగలే.
పేగు పలిగింది, అర్ధరాత్రి.
సంతకం మా భారతమ్మ పెట్టింది,
స్ట్రెచర్ వెంట ఉరుక్కుంట, వంకరగ.
అది పానం దక్కిచ్చుకునుడు. దానికి లెక్కలు లేవు.

రెండోసారి, కుట్టుకాడ ఉబ్బింది.
దగ్గితే గుప్పెడంత బయటికొచ్చి
పండుకుంటె లోపటికి పొయ్యేది, కుక్కపిల్ల తీరు.
"జాలీ ఏస్తం, మూడు రోజులల్ల ఇల్లు" అన్నరు.
సరే అన్న.
ఏం అడగాల్నో తెల్వక సరే అన్న.
మూడు రోజులు నలభై నాలుగైనయి.
చీము. ట్యూబు. మంచం పక్కన సంచి.
సిస్టర్ జెసింత పొద్దున మాపున
పుండులకు గాజుగుడ్డ తోస్తుంటె
నేను ఫ్యాను రెక్కలు లెక్కవెట్టేది.
మూడే ఉంటయి. అయినా లెక్కవెట్టేది.

ఇప్పుడు మల్ల ఉబ్బింది, ఇంకో పక్కకు.

"చేపిచ్చుకో బావా, పీడ పోతది" బామ్మర్ది సాయిలు.
"మత్ ఛేడో భాయ్" మా వాల్వు మోయిన్.
భారతమ్మ ఏమనలే.
నా బెల్టు ఉతికి తీగె మీద ఆరేసింది.

పంజాగుట్ట దవాఖానల కొత్త డాక్టరమ్మ, వకుళ.
పాత ఫైలంత చదివింది. నాకు అదే వింత.
"పాత జాలీ తియ్యాలె. పేగులు దానికి అతుక్కున్నయి.
ఇడదీస్తుంటె తెగొచ్చు."
"తెగితే?"
"కొన్నాళ్లు పక్కకు సంచి."
"చెయ్యకుంటె?"
"ఏండ్లు ఇట్లనే ఉండొచ్చు. ఒకనాడు ఇరకొచ్చు.
ఇరికితే ఆ రాత్రే రావాలె."
"చేసినంక మల్ల రాదా?"
ఆమె జరసేపు ఊకున్నది.
"రాదని మాటియ్యలేను."

మా పని తీరుగనే అడిగిన:
"నక్ష ఉన్నదా అమ్మా?"
నవ్వలే. స్కాను కాయితం తిప్పి
దాని ఎనుక నా కడుపు గీసింది.
ఇది మొదటి కోత. ఇది జాలీ.
ఇది పేగు, కనబడ్డకాడికి.
నడుమ ఒక జాగల పెన్ను ఆగింది.
అక్కడ ప్రశ్న గుర్తు పెట్టింది.
"ఇక్కడ ఏమున్నదో తెరిస్తేనే ఎరుక."

ముప్పై ఒక్కేండ్లల్ల
ఏ ఇంజినీరూ నక్ష మీద
ఆ గుర్తు పెట్టంగ చూడలే.
పెట్టి ఉంటే
మొగల్‌పురాల ఆ ఎండకాలం
కరెంటు తీగ మీద పార ఏసెటోడు కాదు
మా చెన్నయ్య.

"ఇప్పుడైతే వద్దు" అన్న.
"బీడీ బందువెడ్త. ఎనిమిది కిలోలు దిగుత.
షుగరు మీరు చెప్పినకాడికి తెస్త.
అప్పుడు మల్ల కూసోని మాట్లాడుదం.
నడుమ ఇరికితె మాత్రం నన్నడగకుర్రి, కోయిర్రి."
ఆమె ఫైలుల ఏందో రాసింది.
చదివి ఇనిపియ్యుమన్న.
ఈపారి అడిగిన.
"ఆలోచించుకొని వద్దన్నడు, ఇప్పటికి."
ఇప్పటికి అన్నదాని కింద గీత కొట్టింది.

బయటికొస్తే మెట్రో పిల్లర్ కింద
మొన్న పూడ్సిన జాగనే తవ్వుతున్నరు.
ఒక పిలగాడు గడ్డపార లేపిండు.
"పైలం బిడ్డా, ముందుగాల చేతులతోని తియ్యి."
"నీకెందుకు తాతా" అన్నడు.
నిజమే.

మాపటికి బెల్టు కట్టుకొని ఒరిగిన.
అంగి జేబుల బీడీలు ఏడున్నయి ఇంక.
దగ్గొస్తె
చెయ్యి దానంతటదే కడుపు మీదికి పోయింది,
లీకైన జాయింటును
సామాను వచ్చేదాక
అరచెయ్యితోని ఒత్తిపట్టినట్టు.