మూడు వందల యాభయ్యో వంతు

ఇసా టౌన్ పాతసామాన్ల సంతలో
రెండు దినార్లు చెప్పి ఒకటిన్నరకి ఇచ్చాడు.
మూత చిరిగిన అట్టపెట్టె. లోపల
బూడిదరంగు ప్లాస్టిక్ కొమ్మలకి
కాయల్లా వేలాడుతూ ఒక సరుకు ఓడ.
ఒక లంగరు లేదు. ఎలా కట్టాలో చెప్పే కాగితం జపానులో ఉంది.
నాకెందుకు కాగితం?
పదకొండేళ్లుగా ఓడల కిందే పడుకుని పైకి చూస్తున్నాను.

పగలు నా పని తుప్పు వదిలించడం.
హిద్ రేవులో, నీళ్లు తోడేసిన డాకు అడుగున
ఇసుక చిమ్మే గొట్టం భుజానేసుకుని
ఇనుము తెల్లబడేదాకా కొట్టడం,
ఆ తెలుపు మాసేలోగా ప్రైమర్ పట్టించడం.
రాత్రి నా పని తుప్పు వేయడం.
మూడు వెంట్రుకల కుంచె,
ఇటుకరంగులో చిటికెడు నారింజ, చుక్క నలుపు.
తుప్పు ఎక్కడ పుడుతుందో నన్నడగండి:
లంగరు గొలుసు ఒరుసుకునే చోట,
నీళ్లు కక్కే కంతల కింద,
వెల్డర్ ఆవలించిన అతుకు దగ్గర.
అక్కణ్ణుంచి చంటిపిల్లాడి ముక్కులా కారుతుంది.

కింది మంచం గంగారాజం దుప్పట్లోంచి:
"ఏందన్నా, పొద్దంత గదే వాసన, రాత్రి గూడ గదేనా?
దీనికేమన్న ఓవర్‌టైం ఇస్తున్నరా?"
థిన్నర్ సీసా మూత బిగించి ఊరుకున్నాను.
నేను రంగేసిన ఓడ ఒక్కటీ నేను మొత్తం చూడలేదు.
ముక్కు దగ్గర నాలుగు గజాలు, అడుగున ఆరు.
డాకులోకి నీళ్లు వదిలే రోజుకి
నన్ను ఇంకో ఓడ కిందికి తోసేస్తారు.
ఇది అరచేతిలో తిరుగుతుంది.

ఓడ పేరు నీళ్లలో నానబెడితే
పాతబడిన పొర, పొట్టుపొట్టుగా తేలింది.
పేరు లేకుండానే మిగిలింది.

ఇక చివరి పూత. మెరుపు చంపే వార్నిష్.
గాలిలో తేమ ఉంటే పాలు విరిగినట్టు తెల్లబడుతుంది.
డాకులో అయితే సూపర్‌వైజరు చేతిలో మీటరుంటుంది,
ఎనభై ఐదు దాటిందంటే అందరం నీడన కూర్చుంటాం.
ఇక్కడ మీటరు నా కళ్లజోడే.
ఏసీ గది దాటి వరండాలో అడుగేయగానే
మబ్బు పట్టిందా, లేదా.
వాయవ్యపు గాలి వీస్తే తేమ పోతుంది, దుమ్ము దిగుతుంది.
ఆగస్టులో ఇరవై రెండు రాత్రులు మబ్బే.

ఇరవై మూడో రాత్రి మూడింటికి
తలుపు సందులో పాత లుంగీ కుక్కి
ముక్కుకి తువ్వాలు చుట్టుకుని గంగారాజం ఫోను లైటు పట్టాడు.
నాలుగు విసుర్లు.
బొమ్మ పోయింది. ఓడ వచ్చింది.
"అరె" అన్నాడు, అంతే.
ఆరిందో లేదో తిప్పి చూడబోయి
నేనే, ఇంత పనివాణ్ణి,
వెనకవైపు, పేరుండాల్సిన చోట
బొటనవేలు ఆనించేశాను.

గేటు దగ్గరి వేలిముద్ర యంత్రం నన్నెప్పుడూ ఒప్పుకోదు.
ఇసుకా థిన్నరూ అరగదీసిన వేలు,
గాజు మీద పెడితే ఎర్రదీపం.
కాపలా ఉండే బలూచీ ముసలాయన
రోజూ నా నంబరు చేత్తో రాసుకుంటాడు.
ఇక్కడ గీత గీతా పడింది.
నడుమ సుడి, పక్కన ఎప్పటిదో రేకు కోసిన గాటు.
లెక్క కట్టాను. అసలు ఓడ మీదైతే
ఏడు మీటర్ల ముద్ర.
తుడవాలంటే పరంజా కట్టి ఎక్కాలి.

గరుకు కాగితం చింపాను.
"ఉండనీ" అన్నాడు గంగారాజం,
"అమ్మేటిదా ఏంది?"

ఐదింటికి బస్సు హారన్.
మిగిలిన ప్లాస్టిక్ కొమ్మ చెక్కి
ఐదు మిల్లీమీటర్ల మనిషిని చేయాలి, నారింజ కవరాల్‌తో.
ఏ వైపు వేలాడదీయాలో ఇంకా అనుకోలేదు.
బూట్లు తొడుక్కుంటుంటే దిండు మీద కనిపించింది:
శుక్రవారాలు గట్టున చేపలు పట్టే గంగారాజం
రెండు గాలాలు వీపూ వీపూ ఆనించి
దారంతో బిగించి పెట్టి పోయాడు.
కొంచెం పెద్దది.
ఒక పక్కకి ఒరిగినా ఫరవాలేదు.