పద్నాలుగు స్తంభాలు

ఒక ఏడు మేం కట్టేవాళ్ళం,
ఒక ఏడు వాళ్ళు.
తాటాకు, వెదురు బద్ద, కొబ్బరి తాడు.
దడికి ఏనాడూ రశీదు లేదు.

మొన్న ఆశ్వయుజంలో గాలి
రాత్రి రెండింటికి కవిటి మీదుగా వచ్చి
కొబ్బరి చెట్ల మెడలు విరిచి
దడిని చాపలా చుట్టి
మా నూతి గట్టు మీద పెట్టి పోయింది.
తెల్లారి చూస్తే
వాళ్ళ పెరడూ మా పెరడూ ఒకటే పెరడు.
ఆ సంగతి ముందు వాళ్ళ కోళ్ళకి తెలిసింది.

"ఈపాలి సిమెంటు స్తంభాలేసేద్దుం ఊర్మిళప్పా" అన్నాను.
"ఏసేద్దుం. ఏటవుద్ది?" అంది.

మా ఆయన కరెంటు బిల్లు వెనకాల రాశాడు:
నూట నాలుగడుగులు.
స్తంభాలు పద్నాలుగు, ఒక్కోటి మూడొందల ఎనభై.
జాలీ రెండు చుట్టలు. కట్టుతీగ.
కంచిలి నుంచి ఆటో ఆరొందలు
(అందులోనే మా గుంటడి చెప్పుల జత కూడా వచ్చింది,
అది రాయలేదు).
గోతులకి కూలి, గొయ్యికి డెబ్బై.
అన్నీ కలిపి పన్నెండువేల ఎనిమిదొందల ఎనభై.
సగానికి గీత గీసి
కాగితం నా చేతిలో పెట్టాడు.
తను వెళ్ళి అడగలేడు కదా.

ఢిల్లేసు బావకి మంగళ, శుక్రవారాలు
సోంపేట ఆస్పత్రి.
పొద్దున్న ఆరింటి బస్సుకి పోయి
మసక చీకటికి వస్తాడు, చేతికి దూది అంటించుకుని.
అదంతా నాకు దడి వెనకనుంచే తెలుసు:
బకెట్టు చప్పుడు, దగ్గు,
అప్ప గొంతు తగ్గించి మాట్లాడే రోజులు.
కాగితం కొంగున ముడేసుకుని
బుధవారం దాకా ఆగాను.

అయిదు వేలిచ్చింది.
గాలికి రాలిన కాయలు అయినకాడికి అమ్మిన డబ్బు,
నోట్లకి ఇంకా పీచు వాసన.
"మిగతాదానికి గోతులు నాను తీస్తాను,
కూలోడెందుకు?" అంది.

పద్నాలుగు గోతులు, మూడు రోజులు.
కుచ్చిళ్ళు దోపుకుని గునపం వేస్తుంటే
ఇసుక నేల కదా, తీసినంత సేపట్లో పూడేది.
తొమ్మిదో గోతిలో పనస వేరు అడ్డొచ్చింది.
నరకలేదు.
జానెడు మా వైపు జరిగింది.
మా ఆయన అది చూశాడు.
నేను మా ఆయన్ని చూశాను.
తొమ్మిదో స్తంభం దగ్గర మా కంచె ఇప్పటికీ
నిండు చూలాలిలా ఉంటుంది.

బిల్లు వెనక కొత్త లెక్క:
అయిదువేలూ పోను, గోతుల తొమ్మిదొందల ఎనభై పోను,
అప్ప ఇంకా ఇవ్వాల్సింది నాలుగొందల అరవై.
అడగకూడదనే అనుకున్నాను.
ఆదివారం నీళ్ళు కాస్తుంటే
అటునుంచి తనే అంది:
"పోయినేడు దడి కట్టిన వంతు మాదే కాదేటి?
ఆ వెదుళ్ళు మా డబ్బులే.
ఎన్ని రోజులైంది అవి నీ పొయ్యిలోకెల్తన్నాయి?"
నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఇరవై రెండు.
కొరివి కొంచెం లోపలికి తోశాను.
లెక్క అక్కడ ఆగింది.

జాలీకి కన్నాలుంటాయని
ఎవరమూ రాయలేదు.
దడి ఉన్నన్నాళ్ళూ ఒకరికొకరం వినబడేవాళ్ళం.
ఇప్పుడు కనబడుతున్నాం.
తల విరబోసుకున్నా కనబడాలి,
మాటపడి ముక్కు చీదుకున్నా కనబడాలి.
కనబడిన ప్రతిసారీ నవ్వాలి.
నాలుగు రోజులకి నా దవడలు నొప్పెట్టాయి.

శుక్రవారం బస్సు దిగి వచ్చిన బావ
మెట్టు ఎక్కలేక
గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు, నా కళ్ళ ముందే.
లోపలికి పోతే చూసినట్టు తెలుస్తుంది,
ఉంటే చూస్తున్నట్టు.
లేని గడ్డి పీకుతూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్న
ఒకటో స్తంభం నుంచి ఏడో స్తంభం దాకా
అప్ప పాత చీరలు కట్టి ఉన్నాయి:
ఆకుపచ్చది, గళ్ళది, అంచు చిరిగిన పసుపుది.
ఏడో స్తంభం దగ్గర
గట్టిగా ముడి బిగించి
ఆపేసింది.

నేను లోపలికెళ్ళి
రేకుపెట్టె తెరిచాను.